కారణం చెప్పని పాలమిషను

రేగడిపల్లి,
విడపనకల్లు మండలం
4 జూన్ 2025

షమా పాపకు చిన్నాయన హుస్సేన్ బాషా సలాం.

మేమంతా బాగున్నాము. మన ఎనుము ఈనింది, పెయ్యదూడ. మీ చిన్నమ్మ ఖాతూన్‌బీ నీకు జున్ను పంపుతానని పట్టుబట్టింది. అనంతపురం ఎండకు దారిలోనే పాడవుతుందని నేనే ఆపినాను.

ఫోను చేయకుండా ఈ కాగితమేమని తిట్టుకోవద్దు. బోరు లారీ మీద బతికినవాడి చెవులు నీకు తెలియనివి కావు. నేను "ఆఁ?" అంటాను, నువ్వు అరుస్తావు, మన సంగతి వీధంతా వింటుంది. పాలవ్యాను గిరి రోజూ అనంతపురం వస్తాడు కదా, అతని చేతికిస్తున్నాను.

సంగతికొస్తాను. మీ కంపెనీ వాళ్ళ మిషను పోయిన నెల మా పాలకేంద్రానికి వచ్చింది. అంతకుముందు కేంద్రంలో నాతో పనిచేసే ఈశ్వరి పుస్తకంలో రాసుకునేది. ఇప్పుడు పాలు తెచ్చిన మనిషి నంబరు నేను నొక్కాలి. పెన్‌డ్రైవ్‌లో సభ్యుల జాబితా ఉంది. మిషను దాంట్లో పేరు వెతుకుతుంది. పేరు దొరికితేనే పాలు తూకానికి తీసుకుంటుంది. దొరక్కపోతే తూకం లేదు, చీటీ లేదు.

సోమవారం పొద్దున తిప్పయ్య క్యాను తెచ్చినాడు. నంబరు నొక్కినాను. ఎర్ర అక్షరాలతో "సభ్యులు కారు" అని వచ్చింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అదే. వెనక రామాంజినమ్మకూ అదే. కాలనీ వాళ్ళు ఎవరొచ్చినా అదే. పై వీధుల వాళ్ళకు మాత్రం చక్కగా పేరు చూపించి తూకం వేసింది.

తిప్పయ్య అన్నాడు: "ఏమప్పా బాషా, నేను సభ్యుణ్ణి కాదంట. ఈ సెంటరుకు రేకులు ఎవరు మోసిరో నీ మిషనుకు చెప్పు."

"మిషనుకేదో తిక్క లేసింది తిప్పయ్యా. రేపటికి సరిపోతాది."

"తిక్క మా కాలనీ మీదనే లేసిందా?"

క్యాను ఎత్తుకుని వెళ్ళిపోయినాడు. మరునాడు కూడా మిషను అదే మాట చెప్పింది. మేమిద్దరం ఒకే బోరు లారీ మీద పని చేసినోళ్ళం. నేను బండి తోలేవాణ్ణి, వాడు రాడ్లు దించేవాడు. ఈ కేంద్రం కావాలని ఆఫీసుల చుట్టూ తిరిగింది కూడా ఇద్దరమే. ఇప్పుడు వాడి పేరు నేనే తీసేయించినానని కాలనీలో అనుకుంటున్నారు.

జాబితా మేము ముట్టుకోలేదు. పెన్‌డ్రైవ్‌ను ఎవరికీ ఇవ్వను. పాలు అయిపోతానే పీకి, లారీ తాళంచెవి మాదిరి మొలతాడుకు కట్టుకుంటాను. నువ్వు ఆ పెట్టెలు తయారయ్యే చోటే ఉన్నావు కదా, కాస్త కనుక్కో.

మొన్న వాన పడినాక వజ్రకరూరు పక్క చేలల్లో వజ్రాలు వెతికేవాళ్ళు ఆటోల్లో దిగినారు. ఈశ్వరి కూడా పోయి ఒక రాయి తెచ్చి కొంగులో దాచింది. చూస్తే సోడాసీసా పెంకు.

ఇట్లు,
నీ మంచి కోరే చిన్నాయన


అనంతపురం,
7 జూన్ 2025

చిన్నాయనకు, చిన్నమ్మకు షమా సలాం.

జున్ను ఆపింది నువ్వేనని గుర్తు పెట్టుకుంటాను.

నీ జాబు చదివి నాకు ఒళ్ళు మండింది. నీ మీద కాదు. తిప్పయ్య మామను సభ్యుడు కాదన్నది ఎవరో తెలుసా? ఒక్క వాక్యం. సి భాషలో రాసిన ప్రోగ్రాములో ఒకే ఒక్క వాక్యం. నాకు పెట్టెలు ప్యాక్ చేసి ప్రోగ్రాము ఎక్కించే పని మాత్రమే ఇచ్చినారు, చదవమని ఎవరూ చెప్పలేదు. నేనే తెరిచి చదివినాను. ఈ భాష నాకు ఏ కాలేజీ నేర్పలేదు. ఫోనులో వీడియోలు చూసి, ఒక జిరాక్స్ పుస్తకం ముందర పెట్టుకుని, తప్పులు చేసి చేసి నేర్చుకున్నాను. కాబట్టి ఒకరు చేసిన తప్పు కనిపిస్తే ఊరికే ఉండలేను.

లోపల ఏం రాసినారో విను. జాబితా ఫైలు తెరవాలి. తెరుచుకోకపోతే "సభ్యులు కారు". పెన్‌డ్రైవే లేకపోతే "సభ్యులు కారు". ఫైలు ఖాళీగా ఉంటే "సభ్యులు కారు". ఆసుపత్రికి పోయి తల నొస్తుందన్నా, కాలు విరిగిందన్నా, పాము కరిచిందన్నా "నువ్వు మా ఊరివాడివి కాదు" అని పంపించినట్టు లేదా? చదవలేకపోయింది మిషను. మాట పడింది మనిషి.

ఈ ప్రోగ్రాము రాసిన త్రివేణి మేడం దగ్గరికి నేరుగా పోయి అడిగినాను. "ఇట్లా రాస్తే ఊళ్ళల్లో కొట్టుకుంటారు మేడం" అన్నాను. ఆమె కోప్పడలేదు. "తొందరలో రాసినాను షమా. ఇప్పుడు మూడు ఊళ్ళ మిషన్లు నా తల మీదున్నాయి. నువ్వే మార్చి చూపించు" అన్నారు. మార్చినాను.

సి భాషలో ఎర్నో అని ఒకటుంది. ఏ పనైనా చెడితే, ఎందుకు చెడిందో దాని నంబరు సిస్టం అక్కడ పెడుతుంది. ఆ నంబరు చూసి కారణాన్ని తెలుగులో చూపించేటట్టు రాసినాను. చెడినప్పుడు బీప్ కొడుతుంది, కింద కారణం పడుతుంది. నా టేబులు మీద పెన్‌డ్రైవ్ పీకేసి చూసినాను. బీప్ కొట్టింది, "ఫైలు లేదు" అని చూపించింది. సరిగ్గా ఉంది.

కొత్త ప్రోగ్రాము గిరి అన్నకు నేర్పించి పంపుతున్నాను, అతనే మిషనులో ఎక్కిస్తాడు. ఏం కారణం చూపిస్తుందో నాకు రాయి. ఇంక మీ మిషను అబద్ధం చెప్పదు, నాదీ పూచీ.

షమా


రేగడిపల్లి,
12 జూన్ 2025

షమాకు,

నీ ప్రోగ్రాము ఎక్కించినాము. కారణం చెప్పింది.

తిప్పయ్య రానంటే, నేనే ఇంటికి పోయి బతిమాలి తీసుకొచ్చినాను. మా అన్న కూతురు మిషనును బాగు చేసింది, దా అన్నాను. కాలనీ వాళ్ళంతా క్యాన్లు తెచ్చి నిలబడినారు. నంబరు నొక్కినాను. ఈసారి "సభ్యులు కారు" రాలేదు. "అనుమతి లేదు" అని వచ్చింది.

ఈశ్వరి పైకి చదివింది. చదివినాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది కానీ అప్పటికే అందరూ విన్నారు.

"ఎవుని అనుమతి?" అన్నాడు తిప్పయ్య. "నీదా? పై వీధి వాళ్ళదా? చెప్పు, పోయి కాళ్ళు పట్టుకొని వస్తాం."

రామాంజినమ్మ నా మొహం చూసి అడిగింది: "మొన్న పేరే లేదంటిరి. ఈ పొద్దు అనుమతి లేదంటాండారు. యాది నిజం నాయనా?"

ఆమెకు చెప్పే జవాబు నీ దగ్గర ఉందేమో.

అప్పటినుంచి తిప్పయ్య నన్ను "ఆపరేటర్ సార్" అంటున్నాడు. ఇన్నేండ్లలో వాడు నన్ను తిట్టిన తిట్లన్నీ వరసపెట్టినా ఈ ఒక్క మాటంత నొప్పి పుట్టలేదు. కాలనీ పాలు ఉరవకొండ హోటలుకు పోతున్నాయి. హోటలు వాడికి ఇష్టమైన రోజు తీసుకుంటాడు, లేని రోజు తిప్పి పంపుతాడు. వాళ్ళకు అదీ కష్టంగానే ఉంది.

25వ తేదీ పొద్దున సభ్యులంతా కూడుతారు. కాలనీకి నమ్మకం కుదిరే జవాబు చెప్పలేకపోతే కేంద్రం తాళాలు ఇచ్చేయమన్నారు. ఇచ్చేస్తాను, దాందేముంది. కానీ తిప్పయ్యను బయటికి తోసినవాడిగా ఇవ్వాలి, అదే బాధ.

మీ చిన్నమ్మ నిన్ను అడిగిందని రాయమంది.

హుస్సేన్ బాషా


అనంతపురం,
14 జూన్ 2025

చిన్నాయనా,

జాబు కింద "నీ చిన్నాయన" అని కూడా రాయలేదు. సరే.

మిషను కారణం చెప్పలేదని మొదట తిట్టినారు. చెప్పినాక, ఎందుకు చెప్పిందని తిడుతున్నారు. "అనుమతి లేదు" అంటే కాలనీ వాళ్ళకు అనుమతి లేదని కాదు. ఆ ఫైలు చదవడానికి ప్రోగ్రాముకు అనుమతి లేదని. అంత చిన్న విషయం ఈశ్వరి అక్కకైనా తట్టలేదా?

ఫైలుకు అనుమతి దానంతటది పోదు. ఎవరో దానికి అడ్డం వేసినారు. కంప్యూటరు తెలిసినవాళ్ళెవరో పెన్‌డ్రైవ్‌లో వేలు పెట్టినారు. అది ఎవరి పనో మీ ఊళ్ళో కనుక్కోండి. కాలనీ పేర్లే పోయినాయంటే, కాలనీతో గొడవ ఉన్నవాళ్ళయినా కావాలి, గొడవ పెట్టాలనుకునే కాలనీ వాళ్ళయినా కావాలి. నా ప్రోగ్రాము సరిగ్గానే ఉంది. నేను పరీక్ష చేసి పంపినాను.

బీప్ వచ్చినప్పుడు తెర మీద ఇంకేమైనా అక్షరాలు పడుతున్నాయా చూసి రాయి.

షమా


రేగడిపల్లి,
18 జూన్ 2025

షమాకు,

నా కళ్ళజోడు కాడ విరిగింది, ఉరవకొండలో బాగు చేయనిచ్చినాను. అందుకని నీ జాబు గిరిని చదవమన్నాను. నాకు చెవుడని వాడు గొంతెత్తి చదివినాడు. పాలు పోసేవాళ్ళంతా వరుసలో ఉన్నారు.

ఆ పొద్దు తిప్పయ్య కూడా వచ్చి ఉన్నాడు. పాలకు కాదు. పీర్ల పండగ వస్తుంది కదా, పీర్ల ముందు నిప్పులకు తవ్వే అలాయి గుంతకు మొదటి పార ఏటా వాడే వేస్తాడు, నెలవంక ఎప్పుడు కనిపిస్తుందో అడగడానికి వచ్చినాడు. అంటే కోపం కొంచెం తగ్గిందన్నమాట. మీ చిన్నమ్మ టీ కూడా పెట్టింది. గిరి సరిగ్గా అప్పుడే "గొడవ పెట్టాలనుకునే కాలనీ వాళ్ళయినా కావాలి" అన్న చోటికి వచ్చినాడు.

తిప్పయ్య గ్లాసు కింద పెట్టినాడు.

"మా ఇంట్లో టీవీ రిమోటే పనిచేయదు. నేను కంప్యూటర్లో వేలు పెడితినంట" అన్నాడు. "గుంతకు వేరే వాణ్ణి చూసుకోండి ఆపరేటర్ సార్."

పోయినాడు. టీ సగం అట్లే ఉంది.

నువ్వు సదువుకున్న పాపవని మాకు గర్వమే. కానీ ఈ ఊళ్ళో ఎవరు ఎవరి మీద ఏం చేసి ఉంటారో అక్కడ కూర్చుని రాయొద్దు. నీకు తెలిసింది రాయి. తెలియకపోతే తెలియదని రాయి.

నువ్వు అడిగినవి: తెర మీద ఇంకేమీ పడటం లేదు. బీప్ నాకు వినపడలేదు, అది లెక్కలోకి రాదు. కానీ ఈశ్వరికి కూడా వినపడలేదంట. ఆమె చెవులు మంచివే, పక్క వీధిలో మాట్లాడుకునేది కూడా వింటుంది. ఇంకొకటి, ఆమే గమనించింది. జాబితా వీధుల వరుసగా రాసినారు, కాలనీ చివర. పై వీధుల్లో చివరి పేరు ఈశ్వరిదే. ఆమె పేరు వరకు మిషను రోజూ ఒప్పుకుంటుంది. ఆ తర్వాత పేరు మొదలుకొని ఎవరినీ ఒప్పుకోదు. ఒక్క పేరు కూడా అటూ ఇటూ కాదు.

25 దగ్గర పడింది.

హుస్సేన్ బాషా


అనంతపురం,
22 జూన్ 2025

చిన్నాయనకు షమా సలాం.

ఈ జాబు నువ్వే చదువుకో. కళ్ళజోడు రాకపోతే ఈశ్వరి అక్కను గదిలో కూర్చోబెట్టుకుని చదివించుకో. గిరి అన్నకు ఇవ్వొద్దు.

తిప్పయ్య మామ మీద రాసిన మాట తప్పు. కోపంలో రాసినానని చెప్పను. కోపం ఎప్పుడూ ఉంటుంది నాకు. తెలియకుండా రాసినాను, అది తప్పు. ఆయనతో ఈ ముక్క చెప్పు.

బీప్ వినపడలేదన్నావే, అక్కడ దొరికింది. నీ జాబు పట్టుకుని త్రివేణి మేడం దగ్గరికి పోయినాను. ఆమె నా ప్రోగ్రాము చూసి ఒకటే అడిగినారు: "కారణం ఎప్పుడు చూసినావు షమా? బీప్ కొట్టకముందా, కొట్టినాకనా?"

కొట్టినాక. ముందు బీప్ కొట్టించి, ఆ తర్వాత ఎర్నో చూసినాను. ఎర్నోలో ఒక్క నంబరుకే చోటు. కొత్త పని చెడితే పాత కారణం మీద కొత్త కారణం పడుతుంది. జాబితా చదవడం చెడినప్పుడు అసలు కారణం అక్కడ ఉండింది. నేను దాన్ని చూడకుండా బీప్ కొట్టమన్నాను. బీప్ కోసం మిషను స్పీకరు దగ్గరికి పోయింది. మీకు పంపిన పెట్టెల్లో స్పీకరు వాడే అనుమతి ప్రోగ్రాముకు ఇవ్వలేదు. "అనుమతి లేదు" అన్నది స్పీకరు, చిన్నాయనా. తూకం దగ్గర నిలబడిన మనుషులతో దానికి ఏ సంబంధమూ లేదు. నా టేబులు మీద స్పీకరు మోగేది కాబట్టి నాకు తెలియలేదు. మీ మిషనులో మోగలేదు. మోగలేదని నీకు తెలిసే దారి లేదు.

చెడిన సంగతిని చెడిన క్షణమే పట్టుకుని పక్కన పెట్టుకోవాలి. ఆ తర్వాతే అరవాలి. నేను ముందు అరిచినాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈశ్వరి అక్క పేరు వరకు చదవడం కుదురుతుంది. ఆ తర్వాత పెన్‌డ్రైవ్ చెడిపోయి ఉంది. సి భాషలో వరుస వరుసగా చదువుతూ పోతే, ఇంక వరుస రాకపోవడానికి రెండు కారణాలుంటాయి. ఫైలు అయిపోయి ఉండొచ్చు, లేదా చదవడం మధ్యలో చెడి ఉండొచ్చు. రెంటికీ వచ్చే జవాబు పైకి ఒకటే. ఏదో తేల్చుకోవాలంటే మళ్ళీ అడగాలి. మొదటి ప్రోగ్రాము అడగలేదు. జాబితా అయిపోయిందనుకుంది. కాలనీ అక్కడ చివర ఉంది కాబట్టి కాలనీ మీద పడింది. ఎవరూ తీసేయలేదు.

పెన్‌డ్రైవ్ ఎందుకు చెడిందంటావా? గిరి అన్నను అడిగినాను. "మీ చిన్నాయన మిషను దీపం ఎలుగుతాంటేనే పీకి నడుముకు కట్టుకుంటాడు" అన్నాడు. లారీ ఆపితే తాళంచెవి లాగినట్టు. పాలు అయిపోయినాక కూడా మిషను కాసేపు దాంట్లో రాస్తుంటుంది. రాస్తుండగా లాగితే ఫైలు విరుగుతుంది. నీది తప్పని అనను. లాగొద్దని మేము ఎక్కడా చెప్పలేదు, తెర మీద కూడా చూపించలేదు. ఇప్పుడు చూపిస్తుంది.

గిరి అన్న కొత్త ప్రోగ్రాము తెస్తున్నాడు. ఈసారి పెట్టె మూత తీసి, స్పీకరు తీగ పీకి, సగం విరిచిన ఫైలు పెట్టి కూడా చూసినాను. మేడం కూడా చూసినారు. దాంతోపాటు జాబితా సరిగ్గా ఉన్న కొత్త పెన్‌డ్రైవ్ కూడా పంపుతున్నాను.

ఇది జాగ్రత్తగా విను. కొత్త పెన్‌డ్రైవ్‌ను 25న అందరూ వచ్చేవరకు పెట్టొద్దు. పెట్టినావంటే పేర్లన్నీ చక్కగా వచ్చేస్తాయి. అప్పుడు తిప్పయ్య మామ ఏమనుకుంటాడు? తాళాలు పోతాయని భయపడి బాషా మళ్ళీ చేర్పించినాడు అనుకుంటాడు. ముందు పాత పెన్‌డ్రైవే ఉంచు. ఆయన నంబరే నొక్కు. ఏం జరిగిందో మిషను నోటితోనే చెప్పనీ. ఆ తర్వాత కొత్తది పెట్టు.

అది ఏం చెప్తుందో ఇక్కడ రాయను. నేను ముందే చెప్పిపెట్టినానని ఎవరూ అనకూడదు.

కోపంగానే ఉన్న,
నీ షమా


రేగడిపల్లి,
26 జూన్ 2025

షమా పాపకు చిన్నాయన సలాం.

నిన్న జరిగింది రాస్తున్నాను. కళ్ళజోడు వచ్చింది.

పొద్దున పాల వేళకు అందరూ కూడినారు. పై వీధుల వాళ్ళు లోపల, కాలనీ వాళ్ళు రేకుల కింద. తాళాలగుత్తి బల్ల మీద పెట్టినాను. తిప్పయ్య క్యాను లేకుండా వచ్చి గోడకు ఆనుకుని నిలబడినాడు.

"నంబరు నొక్కుతా తిప్పయ్యా" అన్నాను.

"నొక్కండి ఆపరేటర్ సార్. ఈసారి ఊరు ఇడిసి పొమ్మంటాదేమో చూస్తాం."

కొందరు నవ్వినారు. నొక్కినాను. మిషను కాసేపు ఊరకుంది. తర్వాత తెరంతా నిండింది. ఈశ్వరి చదవడానికి నోరు తెరిచింది కానీ, మొన్నటి భయంతో ముందు తనలో తాను చదువుకుంది. ఆ తర్వాత గట్టిగా చదివింది. నువ్వు రాసిందే మళ్ళీ రాస్తున్నాను, ఇక్కడ ఎట్లా వినిపించిందో నీకు తెలియాలని:

"పెన్‌డ్రైవ్‌లోని సభ్యుల జాబితా చదువుతున్నాను. ఈశ్వరి పేరు వరకు చదివినాను. ఆ తర్వాత పెన్‌డ్రైవ్ చెడిపోయింది, చదవలేకపోయినాను. మీ పేరు ఉందో లేదో నాకు తెలియదు. మీరు సభ్యులు కారని దీని అర్థం కాదు. పాలు తిప్పి పంపవద్దు. పేరు చేత్తో రాసుకుని పాలు పోయించుకోండి. జాబితా ఉన్న మరో పెన్‌డ్రైవ్ పెట్టండి."

రామాంజినమ్మ "ఇంకోసారి సదువు పాపా" అంది. ఈశ్వరి చదివింది. "నాకు తెలియదు" అన్నచోట తిప్పయ్య గోడ వదిలి ముందుకు వచ్చినాడు.

"తెలీదంటాండాదా?"

"తెలీదనే ఉండాది మామా" అంది ఈశ్వరి.

తిప్పయ్య నా దిక్కు తిరిగినాడు. మాకిద్దరికీ చెవుడే కాబట్టి మేము రహస్యాలు మాట్లాడుకుంటే ఊరంతా వింటుంది. నిన్న కూడా అంతే.

"బాషా, బోరు ఏసేటప్పుడు రాడ్డు ఇరుక్కుంటే రైతుకు ఏం చెప్తాంటిమి మనం? నీళ్ళు లేవని చెప్తాంటిమా?"

"లేదు."

"రాయి తగిలింది, ఈడికే దిగినాం, కిందేముండాదో మాకు తెలీదు అంటాంటిమి. నీళ్ళు లేవని చెప్పి దుకాణం కట్టేసేవోణ్ణి కొడతాంటిమి కదా?"

"నువ్వు కొడతాంటివి. నేను బండి స్టార్ట్ చేస్తాంటిని."

నవ్వినాడు. ఇన్ని దినాల తర్వాత పళ్ళు కనిపించినాయి. పై వీధి పెద్దాయన ఒకరు "అయితే పేరు తీసింది ఎవరూ లేదన్నమాట" అన్నాడు. "లేదు. రాడ్డు ఇరుక్కునె" అన్నాడు తిప్పయ్య, ఆ బోరు తానే వేసినట్టు.

తర్వాత కొత్త పెన్‌డ్రైవ్ పెట్టినాను. తిప్పయ్య నంబరు నొక్కితే తిప్పయ్య పేరు వచ్చింది. పాలు లేవు కదా, క్యాను తేలేదు కదా. రామాంజినమ్మ ఒకటే నవ్వు: "పేరొచ్చె, పాలు యాడప్పా?" ఇంటికి పోయి తెచ్చి పోసినాడు. తాళాల సంగతి ఎవరూ ఎత్తలేదు. అవి బల్ల మీద ఉంటే తీసి మళ్ళీ మొలతాడుకు కట్టుకున్నాను.

నువ్వు ఆయనకు చెప్పమన్న ముక్క చెప్పినాను. "ఎంత కోపం ఆ పాపకు, మీ అన్న మాదిరే" అన్నాడు.

అందరూ పోయినాక ఒకటి జరిగింది. పాలు అయిపోయినాయి. నా చెయ్యి నాకు తెలియకుండానే పెన్‌డ్రైవ్ మీదికి పోయింది. లారీ తాళంచెవి లాగిన ఇన్నేండ్ల అలవాటు. తిప్పయ్య ఠపీమని కొట్టినాడు.

"ఏం రాసినాదో కనపడలేదా? ఇంకా రాస్తున్నాను, తీయొద్దు అంటాండాది కదప్పా!"

వాడికి చదవడం రాదు. ఈశ్వరిని అడిగి తెలుసుకుని ఉంటాడు. కొట్టి ఊరుకోలేదు, నా మణికట్టు పట్టుకుని పక్కన కూర్చున్నాడు. మిషను దీపం ఆరేదాకా వదలలేదు. ఆరినాక కూడా కాసేపు వదలలేదు.

ఇవాళా రేపట్లో నెల కనిపిస్తుంది. అలాయి గుంత పార తిప్పయ్య ఇంట్లోనే ఉంది.

పెయ్యదూడ బాగా తిరుగుతుంది. జున్ను కాలం దాటిపోయింది. అందుకు నేనే బాధ్యుణ్ణని మీ చిన్నమ్మ కూడా అంటుంది.

స్పీకరు అనుమతి కూడా సరిచేసి పంపుతానని గిరితో చెప్పినావంట. దానికేం తొందర లేదు. ఆ బీప్ నాకూ వినపడదు, తిప్పయ్యకూ వినపడదు.

నీ చిన్నాయన